‘ఏమీ లేదు’ అన్న మాట వైద్యం కాదు



మా వైద్యశాలకు వచ్చేవారిలో కొందరు చంకలో లావాటి ఫైలు పెట్టుకుని వస్తారు. అందులో అయిదారు ఇ.సి.జి. కాగితాలు, రెండు ఎకో పరీక్షలు, ఒక ఎండోస్కోపీ, తలకు తీయించిన స్కానింగు, లెక్కకు మించిన రక్తపరీక్షలు ఉంటాయి. ఆ కాగితాలన్నీ కలిసి చెప్పేది ఒక్కటే: అవయవాలన్నీ సవ్యంగా ఉన్నవి. ఆ ఫైలు మోసుకొచ్చిన మనిషి మాత్రం నా ఎదుట కూర్చుని, తన ముంజేతి నాడి మీద తానే వేలు పెట్టుకుని, “వైద్యులుగారూ, అందరూ నాకు ఏమీ లేదంటున్నారు. మరి ఈ దడ ఎక్కడిది? ఈ ఆయాసం ఎక్కడిది?” అని కన్నీళ్ళు పెట్టుకుంటారు.

వారు చెప్పే బాధలు ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి. ఉన్నట్టుండి గుండె దడదడలాడడం, ఊపిరి చాలనట్లుండడం, గొంతులో ఉండ అడ్డుపడినట్లుండడం, అరచేతుల్లో చెమట, పెదవుల చుట్టూ, వేళ్ళ చివరల తిమ్మిరి, కళ్ళు తిరగడం, కడుపులో తిప్పడం, మాటిమాటికి మూత్రానికి పోవలసి రావడం, వీటన్నింటికీ మించి ఈ క్షణమే ప్రాణం పోతున్నదన్న భయం. పది నిమిషాల్లో అది ఉద్ధృతమై, అరగంటలో సద్దుమణుగుతుంది. తరువాత మిగిలేది నీరసం, మళ్ళీ ఎప్పుడు వస్తుందోనన్న బెంగ. ఆ బెంగే ఏళ్ళ తరబడి సాగితే మెడనరాలు పట్టేయడం, తలపోటు, అజీర్తి, నిద్రలేమి ఒంటికి అంటిపెట్టుకుని ఉండిపోతాయి.

ఇటువంటివారికి ఇంట్లోవారు “నీకేమీ లేదు, అంతా నీ భ్రమ” అంటారు. ఆసుపత్రిలో “ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి” అంటారు. మావంటి వైద్యులు “ఏమీ లేదు, గ్యాసు” అని ఒక చూర్ణం పొట్లం కట్టి ఇస్తారు. నలభై ఏళ్ళకు పైగా వైద్యం చేసిన తరువాత నా అభిప్రాయం ఇది. ఆ మాటలో సగమే నిజం. గుండెకు జబ్బు లేదన్నది నిజం. బాధ లేదన్నది అబద్ధం. ఆ తేడా విడమరచి చెప్పని వైద్యుడు, ఏ పద్ధతివాడైనా, తన పని సగంలో వదిలివేసినట్లే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక స్వానుభవం ఉన్నది. పుష్కరకాలం దానిని నా భార్యకు తప్ప మరెవ్వరికీ చెప్పుకోలేదు.

నా నాడి నేనే చూసుకున్న రోజులు

1970 దశకంలో గోదావరి తీరాన గురువుగారి ఇంట ఉండి ఆయుర్వేదం అభ్యసించినవాణ్ణి. తెల్లవారుజామున మూలికలు దంచడంతో మొదలై, రాత్రి దీపం కింద శ్లోకాలు వల్లెవేయడంతో ముగిసే చదువు అది. వచ్చిన ప్రతి రోగి నాడినీ గురువుగారు చూసిన తరువాత మేమూ చూడవలెను. ఆ విధంగా నాడి చూడడం నా వేళ్ళకు ఊపిరి పీల్చడమంత అలవాటైనది.

2012లో మా అన్నగారు గుండెపోటుతో హఠాత్తుగా కాలం చేశారు. ఉదయం ఫోనులో నాతో మాట్లాడిన మనిషి సాయంత్రానికి లేరు. కర్మకాండలు ముగిశాయి, నేను మళ్ళీ వైద్యశాలలో కూర్చున్నాను. మూడు నెలల తరువాత ఒక రాత్రి రెండు గంటలప్పుడు గుండె గొంతులోకి వచ్చినట్లయి మెలకువ వచ్చింది. ఒళ్ళంతా చెమట. చేతులు చల్లబడ్డాయి. అన్నగారి దారినే నేనూ పోతున్నాననుకున్నాను. పిల్లలు ఆసుపత్రికి తీసుకుపోయారు. పరీక్షలన్నీ చేసి తెల్లవారి “ఏమీ లేదు” అని పంపించారు.

ఆ తరువాత ఏడెనిమిది నెలలు నేను అనుభవించినది పగవాడికి కూడా రాకూడదు. రోగి చేయి పట్టుకుంటూనే బల్ల కింద నా రెండవ చేతి బొటనవేలి మూలన నాడి తడుముకునేవాణ్ణి. భోజనానికి ముందు, తరువాత, నిద్రలో మెలకువ వస్తే, మెట్లెక్కితే, ఎవరైనా పోయారని వార్త వింటే నాడి చూసుకోవడమే. చూసినకొద్దీ అది వేగంగా కొట్టుకునేది. వేగంగా ఉన్నందుకు భయం, భయపడినందుకు మరింత వేగం. ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టిన విద్యే నాకు వ్యాధిగా మారినది.

మా ఇంటావిడే ముందు కనిపెట్టినది. “ఏమండీ, మీరు ఇప్పుడు గుండెను చూసుకోవడం లేదు, భయాన్ని చూసుకుంటున్నారు. మనసు వైద్యుడి దగ్గరకు పోదాం పదండి” అన్నది. నాకు సిగ్గు అడ్డం వచ్చింది. పదిమందికి ధైర్యం చెప్పే వైద్యుడు మానసిక వైద్యుడి గుమ్మం ఎక్కడమా? చివరకు మాకు పరిచయం లేని ఊరు ఎంచుకుని, అక్కడి వైద్యుని దగ్గరకు వెళ్ళాము. ఆయన నాకంటే చాలా చిన్నవాడు. అంతా విని రెండే మాటలు చెప్పాడు. “మీకు వచ్చే దడ నిజమైనదే. అది ప్రమాదకరమైనది మాత్రం కాదు.” తరువాత, “రేపటి నుంచి మీ నాడి మీరు చూసుకోవద్దు” అన్నాడు. ఒక మాత్ర కూడా వ్రాసి ఇచ్చాడు. దాని సంగతి తరువాత చెబుతాను.

శరీరంలో జరిగేది ఏమిటి?

చరక సంహిత సూత్రస్థానం 20వ అధ్యాయంలో 80 వాత వికారాలను లెక్కించారు. హృద్ద్రవం అనగా గుండె దడ, వేపథువు అనగా వణుకు, భ్రమ అనగా కళ్ళు తిరగడం, అస్వప్నం అనగా నిద్ర లేకపోవడం, విషాదం, మనసు ఒకచోట నిలువని అనవస్థిత చిత్తత్వం, ఇవన్నీ ఆ ఒకే పట్టికలో పక్కపక్కన ఉన్నవి. శోకం, భయం వాయువును ప్రకోపింపజేస్తాయన్నది మా శాస్త్రంలో మొదటి పాఠం. రోగాన్ని పెంచే వాటిలో విషాదానిదే అగ్రస్థానమని చరకుడు స్పష్టంగా చెప్పాడు. మనసుకు కలిగినది ఒంట్లో కనిపించడం భ్రమ కాదని మన పూర్వులకు తెలుసు.

ఆధునిక శాస్త్రం అదే సంగతిని తన భాషలో వివరించినది. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు వచ్చిన ఇటువంటి గుండె దడ, ఛాతీనొప్పి, ఆయాసాలను గురించి జాకబ్ డకోస్టా అనే వైద్యుడు 1871లో వ్రాశాడు. ప్రమాదం ఎదురైనపుడు జంతువు పోరాడడానికో పారిపోవడానికో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ 1915లో వివరించాడు. పులి ఎదురుపడితే ఆడ్రినలిన్ అనే స్రావం రక్తంలో కలుస్తుంది. కండరాలకు రక్తం పంపడానికి గుండె వేగం పెంచుతుంది. అందుకే దడ. ఒళ్ళు వేడెక్కకుండా చెమట పడుతుంది. జీర్ణక్రియ ఆగుతుంది కనుక కడుపులో తిప్పుతుంది, నోరు ఎండుతుంది. ఇది దేహాన్ని కాపాడే ఏర్పాటు. పులి లేకుండానే ఆ గంట మోగడమే ఈ వ్యాధి.

తిమ్మిర్ల రహస్యం కూడా తెలుసుకోవలెను. భయంలో మనిషి తనకు తెలియకుండానే గబగబా, లోతుగా ఊపిరి తీస్తాడు. అందువలన రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. అది తగ్గితే మెదడులోని రక్తనాళాలు కొంత ముడుచుకుని తల తిరుగుతుంది. పెదవులు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఛాతీ బిగుస్తుంది. గాలి చాలడం లేదనుకుని మరింత పీలుస్తాడు. నిజానికి అప్పటికే అవసరానికి మించి పీల్చాడు.

ఒంట్లో కలిగిన చిన్న మార్పును మృత్యువుకు గుర్తుగా భావించడమే ఈ చక్రాన్ని తిప్పుతున్నదని ఇంగ్లండుకు చెందిన డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రతిపాదించాడు. బల్ల కింద నాడి పట్టుకుని కూర్చున్న నాకు ఆ మాట అక్షరాలా వర్తించినది.

పరీక్ష ఒక్కసారి, నిశ్చయంగా

భయం అన్న పేరు పెట్టే ముందు దేహాన్ని తప్పక పరీక్షించవలెను. ఇక్కడ మా ఆయుర్వేద వైద్యులను ఒక మాట అడుగుతున్నాను. నాడి చూసి “గుండెకు ఢోకా లేదు” అని పంపించడం న్యాయమా? ఇ.సి.జి. తీయించడం వలన మన శాస్త్రానికి వచ్చే లోటేమీ లేదు. మొదటిసారి ఇటువంటి బాధ వచ్చిన వారికి ఇ.సి.జి., రక్తపోటు, షుగరు, థైరాయిడ్, హీమోగ్లోబిన్ చూడవలెను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా, మధుమేహానికి మందు వేసుకునేవారికి షుగరు పడిపోయినా ఇదే దడ, ఇదే వణుకు వస్తాయి. ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులు, జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు కూడా గుండె వేగం పెంచుతాయి.

ఛాతీ మధ్యన బరువు పెట్టినట్లు నొప్పి వచ్చి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకినా, నడిచినప్పుడు వచ్చి ఆగితే తగ్గినా, స్పృహ తప్పినా, ఒక పక్క చేయి, కాలు పడిపోయినట్లున్నా, మాట తడబడినా ఆలోచించక 108కి ఫోను చేయవలెను. స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు గట్టి నొప్పి లేకుండా ఆయాసంగా, వాంతి వచ్చినట్లుగా కూడా రావచ్చును. “గ్యాసులే” అని సోడా తాగించి తెల్లవారేదాకా ఆగి పోగొట్టుకున్న ప్రాణాలను నా కళ్ళతో చూశాను.

పరీక్షలన్నీ సవ్యంగా వచ్చి, వైద్యుడు విషయం విడమరచి చెప్పిన తరువాత మాత్రం ఆపవలెను. కొత్త లక్షణమేదీ లేకుండానే నెలకొక ఇ.సి.జి. తీయించుకుంటే అది నేను నాడి చూసుకున్నట్లే అవుతుంది. ఆ కాగితం ఇచ్చే ధైర్యం వారం రోజులు నిలువదు.

ఆ పది నిమిషాలు

తెలిసిన దడే మళ్ళీ వచ్చినప్పుడు చేయవలసినవి ఇవి.

1. ఉన్నచోటనే కుర్చీలో గాని నేలమీద గాని కూర్చుని, పాదాలు నేలకు ఆనించవలెను. పరుగెత్తరాదు.

2. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కించేంతసేపు మెల్లగా గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించేంతసేపు విడువవలెను. పెద్ద ఊపిరి అవసరం లేదు. పొట్ట కదిలితే చాలును. అయిదు నిమిషాలు ఇట్లా చేయవలెను.

3. కాగితపు సంచిలో ఊపిరి పీల్చమని కొందరు చెబుతారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదం. ఎవరూ చేయకపోవడమే మేలు.

4. “ఇది నాకు తెలిసినదే. గోదావరి వరద వంటిది. పెరిగినది తీస్తుంది” అని తమకు తామే చెప్పుకోవలెను. గోడ గడియారం చూడండి. చాలావరకు పది నిమిషాల్లో పొంగి, తరువాత తీయడం మొదలవుతుంది. దానిని అణచాలని పెనుగులాడితే ఎక్కువసేపు ఉంటుంది.

5. ఎదురుగా కనిపించే అయిదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పుకుంటే దృష్టి గుండె మీదనుంచి మళ్ళుతుంది.

దినచర్యలో చేసుకోవలసిన మార్పులు

దీర్ఘకాలం బెంగతో ఉన్న దేహానికి క్రమమే మొదటి ఔషధం. వాయువు చంచలమైనది. నియమం దానిని నిలుపుతుంది. రోజూ ఒకే వేళకు నిద్ర లేవడం, ఒకే వేళకు భోజనం, ఒకే వేళకు పడక, ఈ మూడూ పాటించినవారికి నెలలోపే మార్పు తెలియడం నేను చాలామందిలో చూశాను.

వారానికి రెండు మూడు రోజులు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం చేసుకుని, అరగంట ఆగి వేడినీళ్ళ స్నానం చేయవలెను. అంత తీరిక లేనివారు రాత్రి పడుకునే ముందు అరికాళ్ళకు నాలుగు చుక్కల నూనె రాసి మర్దన చేసుకున్నా చాలును. ఇది దడను అప్పటికప్పుడు ఆపదు. బిగిసిన కండరాలను సడలించి నిద్రకు దారి తీస్తుంది.

కాఫీ మన ఇళ్ళలో చుట్టం కాదు, కుటుంబ సభ్యుడు. అయినా చెప్పక తప్పదు. చిక్కని డికాక్షను రోజుకు నాలుగుసార్లు తాగే మనిషి గుండె దడకు మందు అడగడం, పొయ్యి ఆర్పకుండా పాలు పొంగకూడదనడం వంటిది. ఒక్కసారి మానితే తలపోటు వస్తుంది. వారానికొక కప్పు చొప్పున తగ్గించి, ఉదయం ఒకటితో ఆగవలెను. సాయంత్రం దాని బదులు జీలకర్ర కాచిన నీళ్ళు గాని, పలుచని మజ్జిగ గాని తీసుకోవచ్చును. పూటల తరబడి ఉపవాసాలు ఈ వ్యాధి ఉన్నవారికి తగవు. ఖాళీ కడుపు కలిగించే వణుకును వారు వ్యాధి వణుకుగా పొరబడతారు.

నిద్రకు ముందు గోరువెచ్చని పాలల్లో చిటికెడు జాజికాయ పొడి వేసి తాగడం పాత అలవాటు. చిటికెకు మించరాదు. మోతాదు ఎక్కువైతే జాజికాయే దడను, మతిభ్రమను తెస్తుంది. గర్భిణులు దీనిని వాడరాదు.

ప్రాణాయామం మంచిదేనా అని చాలామంది అడుగుతారు. నెమ్మదైనది మంచిది. ఊపిరి బిగపట్టకుండా చేసే నాడీశుద్ధి, తుమ్మెద నాదం చేసే భ్రామరి ఉపకరిస్తాయి. భస్త్రిక, కపాలభాతి వంటి వేగమైన క్రియలు ఈ రోగులకు మొదట్లో పనికిరావు. గబగబా ఊపిరి తీయడమే వారి బాధ. దానినే అభ్యాసంగా చేయిస్తే తిమ్మిర్లు, తలతిప్పు మళ్ళీ వస్తాయి. టీవీ చూసి కపాలభాతి మొదలుపెట్టి హడలిపోయి వచ్చినవారు మా వైద్యశాలకు పలువురు ఉన్నారు.

రోజూ అరగంట చురుకుగా నడవవలెను. నడకలో గుండె వేగంగా కొట్టుకుంటే వీరు భయపడి మానేస్తారు. మానరాదు. గుండె వేగంగా కొట్టుకోవచ్చు, అయినా ఏమీ కాదు అని దేహానికి నేర్పే పాఠం నడకే. వైద్యుడు గుండె సవ్యమని చెప్పినవారికి ఈ మాట వర్తిస్తుంది.

చిన్నదైపోయే ఇల్లు

ఈ వ్యాధి తెచ్చే అసలు నష్టం దడ కాదని నా అభిప్రాయం. మనిషి లోకం చిన్నదైపోతుంది. ఒకసారి బస్సులో దడ వచ్చిన మనిషి బస్సెక్కడం మానేస్తాడు. పెళ్ళిళ్ళకు పోవడం మానేస్తాడు. తరువాత ఒంటరిగా బజారుకు కూడా పోలేడు. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్టుమెంటులో తలుపు వేస్తే ఏమవుతానోనని ఏళ్ళ తరబడి మొక్కు వాయిదా వేస్తున్నవారు నా రోగులలో ఉన్నారు. తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే మరునాటి భయాన్ని పెంచి పోషిస్తుంది.

దీనికి విరుగుడు మెట్టుమెట్టుగా ఎక్కడమే. రద్దీ లేని రోజు ఊళ్ళో గుడికి తోడుతో వెళ్ళవలెను. తరువాత తోడు బయట నిలబడగా తాను లోపలికి వెళ్ళవలెను. తరువాత శనివారం రద్దీలో నిలబడవలెను. రెండు స్టాపుల దూరం బస్సులో పోవలెను. తరువాత పక్క ఊరికి పోవలెను. ప్రతి మెట్టు మీదా దడ వస్తుంది. వచ్చినప్పుడు దిగిపోకుండా, అది తగ్గేదాకా అక్కడే ఉండవలెను. మనసును అహితమైన విషయాల నుంచి మళ్ళించి నిలపడాన్ని చరకుడు సత్త్వావజయం అన్నాడు. దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయంతో పాటు దానిని మూడవ చికిత్సగా చెప్పాడు. మా వైద్యులలో చాలామందిమి ఆ మూడవదానిని శ్లోకంలో వల్లించి వదిలేశాము. మానసిక వైద్యులు దానికి దగ్గరగా ఉండే పద్ధతిని వారం వారం కూర్చోబెట్టి నేర్పుతున్నారు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

మాత్ర సంగతి

ఇప్పుడు నేను దాచిన మాట చెబుతాను. ఆ యువ వైద్యుడు వ్రాసి ఇచ్చిన మాత్రను నేను పద్నాలుగు నెలలు వేసుకున్నాను. నాలుగవ వారానికి గాని గుణం కనిపించలేదు. తరువాత ఆయన చెప్పినట్లే కొద్దికొద్దిగా తగ్గించి మానివేశాను. నాడి చూసుకోకపోవడం, అభ్యంగనం, నడక, ఆ మాత్ర, అన్నీ కలిసి నన్ను నిలబెట్టాయి. మా వైద్యశాలలో ఎవరికీ తెలియకూడదని సీసా లేబులు చింపి అల్మారాలో పెట్టుకున్నాను.

ఆ దాపరికం ఒకరికి కీడు చేసినది. కొన్నేళ్ళ క్రితం ఒక ఉపాధ్యాయురాలు, అటువంటి మాత్రే వేసుకుంటున్న ఆమె, “వైద్యులుగారూ, మీ మందు మొదలుపెట్టాను కదా, ఇది ఇంకా అవసరమా?” అని అడిగింది. “మన వైద్యంలో వాటి అవసరం రాదులేమ్మా” అన్నాను. ఆమె ఆ రోజే మానేసింది. వారం లోపల తల తిప్పు, తలలో కరెంటు కొట్టినట్లు జలదరింపు, నిద్ర లేకపోవడం మొదలై, తగ్గిన దడ రెట్టింపై తిరిగి వచ్చింది. ఆమె భర్త నా దగ్గరకు వచ్చి ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. “మీరు చెప్పారని మానింది సార్” అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే మందుతో కోలుకున్నవాణ్ణి నేను. ఆమె తిరిగి తన వైద్యుని దగ్గరకు వెళ్ళి కోలుకున్నది. ఆ తరువాత నెమ్మదిగా, ఆయన పర్యవేక్షణలోనే మందు మానింది. నేను ఆమె ఇంటికి వెళ్ళి జరిగినది చెప్పి క్షమాపణ అడిగాను. ఈ వ్యాసం ఆ క్షమాపణకు కొనసాగింపు.

కనుక అందరికీ నా విన్నపం. మానసిక వైద్యుడు ఇచ్చిన మందును ఏ ఆయుర్వేద వైద్యుడు చెప్పినా, ఏ బంధువు చెప్పినా హఠాత్తుగా మానవద్దు. ఆల్ప్రాజోలమ్ వంటి మాత్రలు అప్పటికప్పుడు హాయి ఇస్తాయి గనుక చీటీ లేకుండా కొని ఏళ్ళ తరబడి వేసుకునేవారున్నారు. వాటికి దేహం బానిస అవుతుంది. అటువంటివారు కూడా ఒక్కసారి మానరాదు. వైద్యుని చేత తగ్గింపించుకోవలెను.

మా మూలికలకూ ఇదే నియమం. అశ్వగంధ మంచి రసాయనమే. అయినా కొందరిలో అరుదుగా కాలేయానికి హాని చేసినట్లు ఇప్పుడు తెలిసినది. థైరాయిడ్ స్రావాన్ని పెంచగలదు. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. గర్భిణులు వాడరాదు. 2023లో డెన్మార్కు దానిని నిషేధించినది. ఆ నిర్ణయంతో అందరూ ఏకీభవించనక్కర లేదు. ప్రకటన చూసి డబ్బా కొనుక్కునే ముందు మాత్రం ఆలోచించవలెను. సర్పగంధ మరింత బలమైనది. దానినుంచి 1952లో వేరుచేసిన రిసర్పిన్ కొందరికి తీవ్రమైన దిగులును తెచ్చిపెట్టినది. సొంతంగా వాడదగినది కాదు. వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ పద్ధతి మందు, ఈ పద్ధతి మందు, రెండింటినీ బల్లమీద పెట్టి చూపించండి.

ఇంట్లోవారికి ఒక మాట

దడ వచ్చిన మనిషి చుట్టూ గుమిగూడవద్దు. సోడా, నిమ్మరసం, అమృతాంజనం అన్నీ ఒకేసారి తేవద్దు. ఒక్కరు పక్కన కూర్చుని, “ఇది వచ్చింది, పోతుంది. నేను ఇక్కడే ఉన్నాను” అని చెప్పండి. దిష్టి తీయడం మీ ఇంటి ఆచారమైతే తీయండి. దానికోసం వైద్యాన్ని మాత్రం ఆపకండి. “అందరికీ కష్టాలు లేవా, నీకే ఎందుకు?” అన్న ప్రశ్న వేయవద్దు. ఆ ప్రశ్నను వారు తమను తాము రోజుకు వందసార్లు వేసుకుంటున్నారు. పెళ్ళి కావలసిన పిల్ల అని, ఉద్యోగానికి చెడ్డపేరని మానసిక వైద్యుని దగ్గరకు పోకుండా ఆపవద్దు. బతకాలని లేదన్న మాట ఎవరి నోటనైనా వింటే ఆ రోజే వైద్యునికి చూపించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సహాయకేంద్రానికి 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చును.

నాకు ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు రాత్రివేళ ఆ దడ వస్తుంది. లేచి కూర్చుంటాను. కుడిచేతి వేళ్ళు అలవాటుగా ఎడమ ముంజేతి మీదికి పోతాయి. వాటిని తీసి మోకాలి మీద పెట్టుకుంటాను. మా ఇంటావిడ కళ్ళు తెరవకుండానే “వచ్చిందా?” అంటుంది. “వచ్చింది” అంటాను. కాసేపటికి తగ్గుతుంది. మళ్ళీ పడుకుంటాము. ఇన్నేళ్ళలో ఆమె నాతో ఒక్కనాడు కూడా ‘ఏమీ లేదు’ అనలేదు.

సర్వేజనాః సుఖినోభవంతు.